కొంచెం ఎడమకి

సత్యనారాయణపురంలో రైలుకట్ట ఉండేదంటే
మా అబ్బాయి నమ్మడు.
ఇప్పుడక్కడ బస్సుల రోడ్డు.
ఆ కట్టకి ఆనుకుని
చెక్క తలుపుల కొట్టొకటి ఉండేదంటే
అసలే నమ్మడు.

ప్రసన్నా మోడల్స్ అని బోర్డు.
అది చూసి టైలరు కొట్టనుకుని
ఒకాయన ప్యాంటుగుడ్డ చంకన పెట్టుకుని వచ్చాడు,
కొలతలిచ్చి వెళ్ళేవాడే,
అరలో విమానం కంటపడకపోతే.

దైవాదీనం గారు లోకోషెడ్డులో ఫిట్టరు.
చెయ్యి నలిగి రెండు వేళ్ళు పోయాక
ముందే ఇంటికి పంపించేశారట.
మిగిలిన ఎనిమిదితో
వేలెడంత ఇంజన్లు చేసేవాడు.

గుడివాడ పాసింజరు వచ్చినప్పుడల్లా
కొట్టంతా వణికేది.
అరల్లో రెక్కలన్నీ కదిలేవి.
ఆయన బ్రష్షు పైకెత్తి ఆగిపోయేవాడు,
సగం గీసిన గీత మీద ఊపిరి బిగబట్టి,
ఆఖరి పెట్టె దాటేదాకా.
"పెద్దదాన్ని పోనీ. చిన్నదాని పని తర్వాత."

బల్సా చెక్క మొదటిసారి నా చేతిలో పెట్టినప్పుడు
ఏమీ పెట్టలేదనుకున్నాను.
"ఇది చెక్కేనా అండీ?"
"చెక్కే. కాకపోతే గర్వం లేదు."

పద్దెనిమిది రూపాయల పడవ.
మూడు వాయిదాల్లో ఇస్తానన్నాను.
ఖాతాలో నా పేరు కింద
అప్పు అని రాయలేదు,
పడవ నడుస్తోంది అని రాశాడు.
నా పదకొండో ఏటి వేసవంతా నడిచింది అది.
జిగురు వాసనకి అమ్మ ముక్కు చిట్లించి
"సెలవుల్లో పెట్రోలు బంకులో చేరావా" అనేది.

పూర్తిచేసి పట్టుకెళ్ళాను.
మగపిల్లలు నవ్వారు.
ఆయన నవ్వలేదు, మెచ్చుకోనూ లేదు.
అరచేతిలో పెట్టుకుని, కంటికి ఎదురుగా ఎత్తి,
ఒక కన్ను మూసి
చాలాసేపు చూశాడు.
"ఎడమవైపు జిగురెక్కువైందమ్మా.
నీళ్ళలో వేస్తే కొంచెం ఎడమకి ఒరుగుతుంది."

ఊళ్ళో మూడు కాలవలు, పక్కన కృష్ణ.
అయినా దాన్ని నీళ్ళలో వెయ్యలేదు నేను.
ఆయన మాట తప్పవుతుందని కాదు.

తర్వాత రైలు ఆగిపోయింది.
పట్టాలు పీకేశారు.
కొట్టు ఏ రోజున మూశారో నాకు తెలీదు.
ఇంటరు పరీక్షలని చెప్పుకుంటాను గానీ
అప్పటికే అటు వెళ్ళడం మానేశాను,
జడకి అంటే ఆ వాసనకి
సిగ్గుపడే వయసొచ్చి.

ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల అద్దాలు మారుస్తారు.
కుర్రాడొకడు ఒక కన్ను మూసి
చీమతలంత స్క్రూని చూస్తుంటే
బండి ఆపేశాను.
"ఏం కావాలి మేడం?"
ఏం చెప్పాలో తెలీక
బాగున్న ఫోనుకే కొత్త అద్దం వేయించుకున్నాను.

సూర్యారావుపేటలో, ఒక ల్యాబులో,
నేను పళ్ళు చేస్తాను.
బోసినోళ్ళకీ, బండ్ల మీంచి పడ్డ పిల్లలకీ.
ఆకురాయి పట్టుకున్న ప్రతిసారీ
మణికట్టు దగ్గర ఎవరో అంటారు:
గీకొద్దు. నిమురు.

బుడమేరు సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు
పైవాటా వాళ్ళింట్లో తలదాచుకున్నాం.
రాత్రి మెట్ల మీంచి టార్చి వేసి చూస్తే
మా ముందుగదిలో నడుములోతు నీళ్ళు.
ఖాళీ గ్యాసుబండ, ఒంటి చెప్పు,
వాడి లెక్కల నోట్సు.
షోకేసు అడుగు అరలోంచి ఎప్పుడు లేచిందో,
వాటి మధ్య దారి చేసుకుంటూ
ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత
బయల్దేరింది నా పడవ.

"అమ్మా, తేలుతోందే!" అని అరిచాడు వాడు.
కింద ఇంట్లో ఏమేం పోయాయో
లెక్కపెట్టాల్సినదాన్ని,
మెట్టు మీద కూర్చుని
ఒక కన్ను మూశాను.

అవునండీ.
కొంచెం ఎడమకే.